దీన్ దయాళ్: సర్కారు కొలువు వదిలి.. నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ అయిన ఇంజినీర్!

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ప్రీ వెడ్డింగ్ షూట్ అనగానే అహోబిలం కొండలు, అవుకు జలాశయం, బెలుం గుహలు గుర్తొస్తాయి. మంచి లొకేషన్ దొరికితే సగం పని అయిపోయినట్టేనని కొత్తగా కెమెరా పట్టినవాళ్లు అనుకుంటారు. కానీ మిగతా సగమే అసలు పని. వెనకున్న కొండ ఎంత అందంగా ఉన్నా, చూసేవాళ్ల కన్ను ముందు మనిషి మీదే పడాలి. ఆ పనిని దాదాపు 150 ఏళ్ల కిందటే గాజు పలకల మీద చేసి చూపించారు రాజా దీన్ దయాళ్.

ఎవరీ దీన్ దయాళ్?

1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో చదివి, 1866లో ఇండోర్‌లో ప్రజా పనుల శాఖలో చేరారు. అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన డ్యూటీ. కెమెరా పట్టింది మాత్రం 1874లో.. అంటే 30 ఏళ్ల వయసులో! ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, బ్రిటిష్ అధికారి హెన్రీ డాలీ ఆయన్ను ప్రోత్సహించారు.

కట్టడాలే పాఠాలు

బ్రిటిష్ అధికారి లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతంలోని కోటలు, గుళ్లు ఫొటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి. కట్టడాన్ని తీయాలంటే ఏ పూట ఎండ ఏ గోడ మీద పడుతుందో కనిపెట్టాలి. మనుషుల్ని ఆరుబయట తీసేటప్పుడూ కావాల్సింది ఆ ఓపికే.  1880ల మధ్యలో నెల జీతం వదులుకుని ఫొటోగ్రఫీ వైపే వచ్చేశారు.

హైదరాబాద్‌లో..

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను దర్బారు ఫొటోగ్రాఫర్‌గా నియమించారు. సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. ప్యాలెస్‌లు, విందులు, వేట క్యాంపులు.. అన్నిచోట్లా ఆయన కెమెరా ఉండేది. 1902లో వరంగల్ ప్రాంత అడవుల్లో వేటాడిన పులితో వైస్రాయ్ కర్జన్ దంపతులు దిగిన ఫొటో ఇప్పటికీ ప్రచారంలో ఉంది.

అయితే ఒక చిక్కు! పరదా పాటించే కుటుంబాల ఆడవాళ్లు మగ ఫొటోగ్రాఫర్ ముందుకు వచ్చేవాళ్లు కాదు. అందుకే 1892లో వాళ్ల కోసమే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. బాధ్యత అంతా కెన్నీ లెవిక్ అనే బ్రిటిష్ మహిళదే. తనకు ప్రవేశం లేని గదిలో కెమెరాను మరొకరి చేతికి ఇచ్చారాయన. ఎదుటి మనిషి భయం లేకుండా కూర్చుంటేనే ముఖం ముఖంలా వస్తుంది మరి.

బిరుదు.. ఆ తర్వాత

నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంట్ దక్కింది. 1904లో కొడుకు ధరమ్ చంద్ చనిపోయారు. మరుసటి ఏడాది, 1905లో దీన్ దయాళ్ కన్నుమూశారు. వ్యాపారం మెల్లగా తగ్గిపోయినా గాజు పలకలు మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 నెగెటివ్‌లను కొని భద్రపరిచింది. ఆనాటి దక్కన్ ముఖాలు, కోటలు, అడవులు ఇవాళ మనకు కనిపిస్తున్నాయంటే అది ఆ పలకల పుణ్యమే.