జిమ్ కార్బెట్

జిమ్ కార్బెట్ (1875 జూలై 25 - 1955 ఏప్రిల్ 19) హిమాలయ పాదప్రాంతమైన కుమావోన్, గఢ్వాల్‌లలో నరభక్షక పులులను, చిరుతలను వేటాడి ప్రసిద్ధి పొందిన వేటగాడు, రచయిత, వన్యప్రాణి సంరక్షకుడు. పూర్తి పేరు ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ జాతీయ ఉద్యానవనానికి ఈయన పేరే పెట్టారు. ఈయన వాడిన రైఫిళ్లలో రెండు ఈయన అనంతరం ఇతరుల చేతులు మారి, 21వ శతాబ్దం వరకు భద్రంగా నిలిచాయి. వాటి చరిత్ర ఈయన జీవితచరిత్రలో విడదీయరాని భాగం.

బాల్యం

కార్బెట్ నైనీతాల్‌లో జన్మించాడు. తండ్రి క్రిస్టోఫర్ విలియం కార్బెట్ ఆ పట్టణంలో పోస్టుమాస్టరు. తల్లి మేరీ జేన్. కుటుంబం వేసవిలో నైనీతాల్‌లోను, చలికాలంలో కొండ దిగువన ఉన్న కాలాఢుంగీలోను నివసించేది. 1881లో తండ్రి మరణించడంతో పెద్ద సంసారాన్ని నడిపే భారం తల్లిపై పడింది.

కాలాఢుంగీ అడవులే కార్బెట్‌కు అసలైన పాఠశాల. పక్షుల కూతలు, జంతువుల అడుగుజాడలు, వాటి హెచ్చరిక అరుపులు బాల్యంలోనే నేర్చుకున్నాడు. ఈయనకు దక్కిన మొదటి తుపాకీ గొట్టం మూతి నుండి మందు కూరే పాత జంటగొట్టాల తుపాకీ. దాని ఒక గొట్టం చీలిపోయి ఉండగా, ఇత్తడి తీగతో కట్టి వాడేవాడు. పనికివచ్చే గొట్టం ఒక్కటే కావడం వలన గురి తప్పకుండా కాల్చడం, మందును పొదుపుగా వాడడం అలవడ్డాయి. తరువాత విద్యార్థి సైనిక దళంలో చేరినప్పుడు .450 మార్టినీ రైఫిల్ ఎరువుగా లభించింది. తన మొదటి చిరుతను దానితోనే వేటాడాడు.

రైల్వే ఉద్యోగం

చదువు ముగించి కార్బెట్ బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో కట్టెల ఇంధనాన్ని సమకూర్చే ఉద్యోగంలో చేరాడు. అనంతరం బీహారులో గంగానది ఒడ్డున ఉన్న మొకామా ఘాట్‌లో సరుకులను ఒక రైలు మార్గం నుండి మరొకదానికి మార్చే గుత్తేదారుగా సుమారు రెండు దశాబ్దాలు పనిచేశాడు. నరభక్షకాల వేట ఈయనకు వృత్తి కాదు. గ్రామస్థులు లేదా ప్రభుత్వం కోరినప్పుడు సెలవు తీసుకొని వెళ్ళేవాడు.

చంపావత్ ఆడపులి

కార్బెట్ చంపిన మొదటి నరభక్షకి చంపావత్ ఆడపులి. అది నేపాల్‌లో సుమారు 200 మందిని చంపి, అక్కడి నుండి తరిమివేయబడి కుమావోన్‌కు చేరిందని, మొత్తం 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని కార్బెట్ నమోదు చేశాడు. వేటకు అంగీకరించే ముందు ఈయన రెండు షరతులు పెట్టాడు. ఒకటి, పులి తలపై ప్రకటించిన నగదు బహుమతిని రద్దు చేయాలి. రెండు, ఇతర వేటగాళ్లను వెనక్కి పిలవాలి.

1907లో చంపావత్ తహసీల్దారు సమకూర్చిన 298 మంది గ్రామస్థులు కొండ అంచున నిలిచి డప్పులతో, కేకలతో పులిని లోయలోనికి తోలారు. ఆనాడు కార్బెట్ చేతిలో ఉన్నది .500 బోరు జంటగొట్టాల రైఫిల్. వెంట తెచ్చుకున్న తూటాలు మూడు మాత్రమే. మూడూ అయిపోయినా గాయపడిన పులి నేల కూలలేదు. అప్పుడు తహసీల్దారు వద్ద ఉన్న పాత షాట్‌గన్ తీసుకొని చివరి దెబ్బ కొట్టాడు. ఆ తుపాకీ గొట్టాలకు, వెనుక భాగానికి నడుమ ఖాళీ ఏర్పడి ఉన్నదని, కాల్చేవానికే ప్రమాదం కలిగేదని ఈయన తరువాత తెలిపాడు.

పులి కళేబరాన్ని పరిశీలించగా, దాని కుడివైపు కోరపళ్ళు పైనా కిందా విరిగి ఉన్నాయి. అది పాత తుపాకీ గాయం. ఆ గాయం వలననే అది సహజమైన ఆహారాన్ని వేటాడలేక మనుషులపై పడిందని కార్బెట్ నిర్ధారించాడు. అంటే ఎవరో గురి తప్పి కాల్చిన తూటా వందలాది మరణాలకు మూలమైంది. ఈ అనుభవం ఈయన తరువాతి ఆలోచనలపై ప్రభావం చూపింది.

బహుమతి రైఫిల్

ఈ వేటకు గుర్తింపుగా సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ కార్బెట్‌కు లండన్‌లోని రిగ్బీ సంస్థ తయారుచేసిన .275 రైఫిల్‌ను బహూకరించాడు. చంపావత్ నరభక్షకిని చంపినందుకు ఇచ్చినట్లు తెలిపే ఫలకం దాని చెక్క మడమపై ఉన్నది. ఈ ఫలకాన్ని మాత్రమే చూసినవారు ఆ పులి ఈ రైఫిల్‌తోనే చచ్చిందని పొరబడవచ్చు. నిజానికి ఇది వేట ముగిసిన తరువాత వచ్చిన బహుమతి.

.275 రిగ్బీ అనే తూటా జర్మనీకి చెందిన 7×57 మాసర్ తూటాయే. రిగ్బీ సంస్థ దానికి ఆంగ్లేయుల కొలతలో పేరు పెట్టింది. పెద్ద బోరు రైఫిళ్లతో పోలిస్తే ఇది తేలికైనది. చౌగఢ్ ఆడపులి హఠాత్తుగా ఎదురైనప్పుడు కార్బెట్ ఎడమచేతిలో పక్షి గుడ్లు ఉన్నాయి. ఒంటిచేత్తోనే ఈ రైఫిల్‌ను తిప్పి కాల్చాడు.

పెద్ద బోరు రైఫిల్

కార్బెట్ వాడిన మరొక ప్రసిద్ధ ఆయుధం జెఫరీ సంస్థ తయారీ అయిన .450/400 జంటగొట్టాల రైఫిల్. .450 తూటా కోశాన్ని మెడ వద్ద ఇరుకు చేసి .400 గుండు అమర్చడం వలన దానికి ఆ జంట పేరు వచ్చింది. ఈ పేరుతో 3 అంగుళాల కోశం, 3¼ అంగుళాల కోశం గల వేర్వేరు తూటాలు ఉన్నాయి. కనుక ఇటువంటి పాత రైఫిల్ వారసత్వంగా లభించినప్పుడు పేరును మాత్రమే నమ్మక, తూటా గది పొడవును నిపుణుని చేత కొలిపించాలి.

1938 నవంబరులో థాక్ ఆడపులిని కార్బెట్ ఈ రైఫిల్‌తోనే చంపాడు. అప్పటికి ఈయన వయసు 63 సంవత్సరాలు. చీకటి పడుతుండగా మగపులి కూతను అనుకరించి దానిని దగ్గరకు రప్పించాడు. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నిన తాకిడికి బండ అంచు నుండి జారి, కింద కూర్చున్న తన మనుషులపై పడ్డాడు. ఇదే ఈయన చివరి నరభక్షక వేట.

సంరక్షణ, రచనలు

కాలక్రమంలో కార్బెట్ తుపాకీకి బదులు సినిమా కెమెరాతో పులులను వెంబడించాడు. 1936లో హెయిలీ జాతీయ ఉద్యానవనం ఏర్పాటుకు తోడ్పడ్డాడు. 1944లో వెలువడిన మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావోన్ ఈయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. 1952లో వచ్చిన మై ఇండియా అడవి ప్రాంతాల పేద ప్రజల జీవితాన్ని చిత్రించింది.

చివరి రోజులు

1947లో సోదరి మ్యాగీతో కలిసి కార్బెట్ కెన్యాలోని న్యేరీకి వలస వెళ్ళాడు. 1955లో అక్కడే మరణించాడు. అనంతర కాలంలో హెయిలీ ఉద్యానవనానికి ఈయన పేరు పెట్టారు. 1968లో ఇండోచైనా పులి ఉపజాతికి శాస్త్రీయ నామంలో కార్బెటీ అనే పదాన్ని చేర్చారు.

రైఫిళ్ల వారసత్వం

రిగ్బీ రైఫిల్ కార్బెట్ పుస్తకాలను ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌కు చేరింది. 2015లో రిగ్బీ సంస్థయే దానిని తిరిగి సొంతం చేసుకున్నది. 2016లో దానిని భారతదేశానికి తెచ్చి, కార్బెట్ స్థిరపరచిన ఛోటీ హల్ద్వానీ గ్రామంలో ప్రదర్శించారు. జెఫరీ రైఫిల్ అమెరికా తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ వద్ద ఉండి, 2015లో ఆయన సేకరణతో పాటు వేలంలో అమ్ముడయింది.

తయారీదారు పేరు, వరుస సంఖ్య, పరీక్షా ముద్రలు ఒక రైఫిల్ ఎక్కడ, ఏ తూటాకు తయారైనదో తెలుపుతాయి. అది ఎవరి చేతిలో ఏమి చేసినదో తెలియాలంటే ఫలకాన్ని, యజమాని రచనలను పోల్చి చూడాలి. అలా పోల్చినందువలననే చంపావత్ పేరును మోసే రైఫిల్ వేరు, చంపావత్ పులిపై పేలిన రైఫిల్ వేరు అని స్పష్టమవుతున్నది.