నిడుబ్రోలు నుండి ఢిల్లీకి: ఆచార్య రంగా జీవితము

ఢిల్లీలోని మన తెలుగువారికి, అందును కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి, పార్లమెంటు సమావేశములనగానే మొదట స్ఫురించునది ప్రశ్నోత్తరముల గంట. సభ్యుడొకడు ప్రశ్న వేసినచో సమాధానమును సిద్ధపరచుటకై ఫైలు ఎన్ని బల్లలు దాటవలెనో మనకు తెలియనిది కాదు. 1930 మొదలు 1991 వరకు, మధ్య మధ్య స్వల్ప విరామములతో, అట్టి ప్రశ్నలు వేయుచునే గడపిన తెలుగు పెద్ద ఆచార్య ఎన్.జి.రంగాగారు. చట్టసభలలో వారి అరువదేండ్ల సేవ గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఇంత దీర్ఘకాలము సభలలో నుండియు వారెన్నడును మంత్రిపదవి నధిష్ఠింపలేదు.

గోగినేని రంగనాయకులుగారు 1900వ సంవత్సరము నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలు గ్రామమున రైతు కుటుంబమున జన్మించిరి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఇంగ్లండునకు వెడలి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రములో బి.లిట్. పట్టము 1926లో పొందిరి. తిరిగివచ్చి మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. పేరునకు ముందు నిలిచిన ఆచార్య పదమునకు మూలమిదియే. వారి పాఠములు కేవలము గ్రంథములనుండి పుట్టినవి కావు. పల్లెలలో తిరిగి రైతు వ్యయమెంత, ఫలసాయమెంత, నేతపనివానికి మగ్గముమీద మిగులునదెంత అని లెక్కలు కట్టిరి. చేనేత ఆర్థికస్థితినిగూర్చి గ్రంథమును రచించిరి. తమ మంచినీటి బావిని హరిజనులకు తెరచి యిచ్చిరి. నాటి గ్రామములలో ఇది స్వజనుల ఆగ్రహమునకు గురికాదగిన పని.

ఆ రోజులలోనే కృష్ణా గోదావరి డెల్టాల రైతులపై ప్రభుత్వము రీసెటిల్‌మెంటు పేర శిస్తు పెంచదలచెను. నూటికి పదునెనిమిది ముప్పావు, అనగా రూపాయికి మూడణాలు. ధాన్యపు ధరలు పడిపోవుచున్న సమయమున ఈ మూడణాలు రైతునకు మోయరాని భారమయ్యెను. ఈ ఆందోళనలో రంగాగారి అర్థశాస్త్రము రైతుల కక్కరకు వచ్చినది. అర్జీ పెట్టుకొను రైతు చేతికి అంకెలనిచ్చుట వారు చేసిన మొదటి సేవ యని నా యభిప్రాయము. శిస్తు తగ్గింపుమని మొరపెట్టుకొనుట వేరు. తగ్గింపవలసిన కారణమును అంకెలతో నిరూపించుట వేరు.

1930లో వారు కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. ఉద్యోగమును వదలి, జాతీయోద్యమమున దిగి, చెరసాలల ననుభవించిరి. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును నెలకొల్పి పల్లెటూరి యువకులకు రాజకీయ శిక్షణ నిచ్చిరి. పొలము పనులు లేని వేళ వచ్చి చదివిపోవు ఆ పిల్లలనుండియే తరువాత ఆంధ్రదేశమున రైతు నాయకులెందరో బయలుదేరిరి. వెంకటగిరి మొదలగు జమీందారీలలోని రైతుల పోరాటములకు ఈ శిష్యవర్గము వెన్నెముక యయ్యెను. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు బీహారునకు చెందిన స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులుగను, రంగాగారు ప్రధాన కార్యదర్శిగను ఎన్నుకొనబడిరి. అయితే యుద్ధకాలమున కమ్యూనిస్టులకును వారికిని పొత్తు కుదురలేదు. ఆ ఎడబాటు ఆంధ్ర రాజకీయములను చాలకాలము రెండుగా చీల్చినది.

1946లో రాజ్యాంగసభ సభ్యులైరి. లక్ష్యముల తీర్మానముపై జరిగిన చర్చలో, అల్పసంఖ్యాకుల రక్షణను గూర్చి అందరును మాటలాడుచుండగా, ఈ దేశమున నిజమైన అల్పసంఖ్యాకులు నోరులేని పల్లెప్రజలేయని వారు వాదించిరి.

స్వరాజ్యానంతరము వారి మార్గము సాఫీగా సాగలేదు. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడి, కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. 1952లో రాజ్యసభకు వచ్చిరి. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికలలో కమ్యూనిస్టుల నెదుర్కొనుటకు మరల కాంగ్రెసుతో చేయి కలిపిరి. 1957లో తెనాలినుండి లోక్‌సభకు ఎన్నికై, కాంగ్రెసు పార్లమెంటరీ పక్షమునకు కార్యదర్శి యైరి.

వారి జీవితమున గొప్ప మలుపు 1959 జనవరిలో వచ్చినది. నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును ఆమోదించెను. గట్లు చెరిపి, భూములు కలిపి, సాగుచేసిన ఫలమును పంచుకొనవలెనని నెహ్రూగారి ఆశయము. విత్తునది, దున్నునది, అప్పుపడునది రైతు కాగా, భూమిపై నిర్ణయము మాత్రము సంఘపు కార్యదర్శికి పోవునా యని రంగాగారి ప్రశ్న. ప్రధానమంత్రికి సన్నిహితముగా నున్న పదవిని వదలుకొని, రాజగోపాలాచారిగారితో కలసి, ఆ యేటనే స్వతంత్ర పార్టీకి ప్రథమాధ్యక్షులైరి. అధికార పక్షములో నుండి గొణుగుకొనువారు ఆనాడు పెక్కుమంది. లేచి వెలుపలికి వచ్చినవారు కొలదిమంది.

మూల్యము వెంటనే చెల్లింపవలసి వచ్చినది. 1962లో తెనాలి ఓటర్లు వారిని ఓడించిరి. ఆ సంవత్సరమే అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్ళుటచే ఖాళీయైన చిత్తూరునుండి ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చిరి. అచట వారికి పదునేడవ రాజ్యాంగ సవరణ ఎదురైనది. కేరళ భూసంస్కరణ చట్టము రైత్వారీ భూములకు వర్తింపదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఎస్టేటు అను మాటకు అర్థమును విస్తరించి, రైత్వారీ భూములనుగూడ అందులో చేర్చుట ఆ సవరణ ఉద్దేశము. జమీందారుతో పోరాడిన రైతు తానే జమీందారు వరుసలో నిలువవలసి వచ్చెనని రంగాగారి బాధ. 1964లో బిల్లు మొదటిసారి కావలసిన మెజారిటీ లేక వీగిపోయి, రెండవసారి నెగ్గినది. పరిమితికి లోబడి రైతు స్వయముగా సాగుచేసుకొను భూమిని తీసికొన్నచో బజారు ధరకు తగ్గక పరిహారమీయవలెనను నిబంధన అందులో చేరినది.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. రైతు, కూలీ ఒకే యింటివారని రంగాగారి సిద్ధాంతము. రైతు కూలీ రాజ్యము వారి నినాదము. కాని డెల్టాలో పట్టాదారునకును కూలీకిని నడుమ నున్న దూరము నినాదముతో పూడునది కాదు. భూపరిమితిని వారెదిరించినప్పుడు సెంటు భూమి లేనివాడు తనవైపు ఎవరున్నారని అడుగుట సహజము. ఈ విమర్శకు వారి వాదములో సంతృప్తికరమైన సమాధానము నాకు కనబడలేదు.

1967లో శ్రీకాకుళమున గెలిచిన శిష్యులు గౌతు లచ్చన్నగారు గురువుకొరకు ఆ స్థానమును ఖాళీచేయగా, ఉప ఎన్నికలో రంగాగారు ఎన్నికైరి. అట్టి గురుశిష్య సంబంధము రాజకీయములలో అరుదు. 1971లో ఓడిపోయిరి. పిదప కాంగ్రెసులో మరల చేరిరి. ఇది వారిని మెచ్చినవారిలో కొందరికి రుచింపలేదు. 1977లో రాజ్యసభకును, 1980, 1984, 1989లలో గుంటూరునుండి లోక్‌సభకును ఎన్నికైరి. కడపటి ఎన్నికనాటికి వయస్సు ఎనుబది తొమ్మిది.

1927లో ప్రారంభింపబడిన ఆ గుండ్రని పార్లమెంటు భవనములో రంగాగారు బ్రిటిషువారి కాలపు శాసనసభలో కూర్చుండిరి. నడిమి హాలులో రాజ్యాంగ రచనను కాంచిరి. రాజ్యసభలోను, లోక్‌సభలోను సభ్యులుగా నుండిరి. 2023లో పార్లమెంటు కొత్త భవనమునకు తరలినది.

1991లో పద్మవిభూషణ బిరుదము లభించినది. 1995 జూను 9న పరమపదించిరి. మరుసటి యేడు రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను. 2014లో రాష్ట్ర విభజన జరుగగా, రాజేంద్రనగరు విశ్వవిద్యాలయము ఆచార్య జయశంకర్ గారి పేర తెలంగాణకు చెందెను. రంగాగారి పేరుగల విశ్వవిద్యాలయము గుంటూరు చెంతనున్న లాం గ్రామమునకు, అనగా వారి సొంత జిల్లాకు, చేరినది.