నూనెగింజల తపస్వి పుస్తొవోయిత్
పైరు ఏపుగా నెదిగిన చాలదు, గింజలో సారముండవలె నని జీవితమెల్ల శ్రమించినవాడు వసీలీ పుస్తొవోయిత్. 1886లో ఖార్కొవ్ ప్రాంతమున జన్మించి, 1912లో దక్షిణ రష్యాలోని కుబాన్ సీమలో పరిశోధనా క్షేత్రమును నెలకొల్పెను.

నాడు పొద్దుతిరుగుడు గింజలో నూనె మూడవ వంతునకు మించి యుండెడిది కాదు. పొరుగు మొక్కల పుప్పొడి కలియుటచే మేలిగుణము నిలిచెడిది కాదు. అందుచే నాతడు మేటి మొక్క విత్తులో సగము నాటి, సగము దాచెను. నాటినవాని సంతతిని పరీక్షించి, మేలని తేలినచో, దాచిన విత్తును తీసి, అట్టివానినే ఒకచోట పెంచెను. మన పొగాకుచేల మల్లెవలె వేళ్లరసమును పీల్చు కలుపును తట్టుకొను గుణమునుగూడ సాధించెను. దశాబ్దముల కృషిచే నూనె గింజలో సగమునకు చేరెను.

1969లో ఆతని పెరెదొవిక్ రకము భారతదేశమునకు వచ్చెను. 1972లో ఆతడు గతించెను. పేరెరుగని రైతుల చేలలో ఆతని శ్రమ ఫలించెను.