డాక్టరు విక్రమ్ సారాభాయి

1967 వ సంవత్సరము జనవరి 26 వ తేదీన ఢిల్లీ చుట్టుపట్ల గల 80 గ్రామములలో రైతులకు టెలివిజన్ ద్వారా వ్యవసాయ పాఠములు చెప్పు ‘కృషిదర్శన్’ కార్యక్రమము ప్రారంభమయ్యెను. విత్తనము, ఎరువు, తెగులు – ఇట్టివే అందలి విషయములు. ఈ యత్నమున ఆకాశవాణికి తోడు నిలిచిన వారిలో అణుశక్తి శాఖ ఒకటి. అణుశక్తికిని గోధుమచేనికిని పొత్తేమని ఎవరికైనను సందేహము కలుగవచ్చును. ఆ పొత్తు కుదిర్చినవాడు నాటి అణుశక్తి సంఘాధ్యక్షుడు డాక్టరు విక్రమ్ సారాభాయి. ఉపగ్రహములను గూర్చి ఆయన తలపోసిన దంతయు ఈ 80 గ్రామములలో బీజప్రాయముగ నుండెను.

ఆయన 1919 ఆగష్టు 12 న అహమ్మదాబాదులో జన్మించెను. తండ్రి అంబాలాల్ పేరొందిన మిల్లు యజమాని. ఆ యింట సంపదతోపాటు ధిక్కారమును ఉండెను. 1918 లో మిల్లు కార్మికులు సమ్మె చేసినపుడు వారి పక్షమున నిలిచినది స్వయముగా అంబాలాల్ సోదరి అనసూయయే. విక్రమ్ అక్క మృదుల స్వాతంత్ర్యోద్యమమున చెరసాలల కేగెను. తల్లి సరళాదేవి తన పిల్లలకై యింటనే బడి నెలకొల్పెను. కేంబ్రిడ్జిలో చదువుచుండగా రెండవ ప్రపంచ యుద్ధము వచ్చుటచే విక్రమ్ స్వదేశమునకు మరలి, బెంగుళూరులో సర్ సి.వి. రామన్ కడ విశ్వకిరణములను పరిశోధించెను. 1942 లో నర్తకి మృణాళినిని వివాహమాడెను. ఆమె అహమ్మదాబాదులో నడపిన ‘దర్పణ’ నాట్యసంస్థలో మన కూచిపూడికిని చోటు లభించుట తెలుగువారు మరువరాని సంగతి.

1947 లో ఆయన అహమ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయమును స్థాపించెను. ఆ మీదట బట్టల మిల్లుల పరిశోధన సంస్థ, 1961 లో వ్యాపార నిర్వహణ విద్యాలయము – ఇట్లు ఆయన చేయి పడని రంగము లేదు. ఒక్క మనుష్యుడు ఇన్ని బరువులు తలకెత్తుకొనుట మేలా యన్న ప్రశ్నకు సమాధానము సులభము కాదు. ఆయన ఆయుర్దాయమును అవియే హరించినవని తోచును.

విశ్వకిరణములే ఆయనను రాకెట్టు కడకు నడిపినవి. బెలూను ముప్పది, నలుబది కిలోమీటర్లకు మించి పోజాలదు. ఉపగ్రహమో, వందలాది కిలోమీటర్ల కెగువనే తిరుగును. నడుమనున్న ఆకాశమును తాకుటకు రాకెట్టొక్కటే సాధనము. 1962 లో అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘ మేర్పడగా సారాభాయి దానికి అధ్యక్షుడయ్యెను. భూమి అయస్కాంత మధ్యరేఖకు చేరువనున్న తుంబా అను కేరళ దేశపు బెస్తపల్లెను ప్రయోగస్థలముగ నెన్నుకొనిరి. అచటి చర్చి భవనమే కార్యాలయ మాయెను. రాకెట్టు భాగములు సైకిళ్ళమీద కూడ వచ్చెను. 1963 నవంబరు 21 సాయంకాలము అమెరికానుండి తెచ్చిన రాకెట్టొకటి పైకెగసి సోడియం ఆవిరిని వెదజల్లెను.

1966 జనవరిలో డాక్టరు భాభా విమాన ప్రమాదమున మరణించుటచే అణుశక్తి భారమును సారాభాయిపై బడెను. అవి వరుస కరవుల దినములు. అమెరికా గోధుమల ఓడలకై దేశ మెదురుచూచుచుండెను. తిండికి లేని దేశమునకు రాకెట్లేలయను విమర్శ న్యాయమైనదే. ధనిక దేశములతో చంద్రునికై పందెము వేయుట తన కోరిక కాదని, పల్లె యవసరము తీర్పని విజ్ఞానము తనకు వలదని ఆయన తలంపు. నేలపై కట్టిన టెలివిజన్ గోపురపు ప్రసారము కొన్ని పదుల కిలోమీటర్లతో ఆగిపోవును. భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిపిన ఉపగ్రహము భూమితో సమముగ తిరుగుచు కదలనట్లే కనబడును. దేశమంతయు దాని చూపులో నుండును. ఢిల్లీ చెంతనున్న గ్రామము పొందిన పాఠమును మారుమూల పల్లె కందించుట కదియే దారి. 1969 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాతో ఒప్పందము కుదిరెను.

ఆ సంవత్సరముననే ఉపగ్రహములను పంపుటకు నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట ఎన్నుకొనబడెను. (నేడది తిరుపతి జిల్లాలోనిది.) ఒకవంక బంగాళాఖాతము, మరొకవంక పులికాటు సరస్సు. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగును గదా! ఆ తావున ఆ వేగము సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుగా పోవు రాకెట్టున కిది ఖర్చులేక లభించును. కాలిపోయిన అంచెలు ఊళ్ళమీద గాక సముద్రమున పడును. అయితే ఆ దీవి నిర్జనము కాదు. తరతరములుగ అడవిని, నీటిని నమ్ముకొని బ్రతికిన యానాదులు అచట నుండిరి. కేంద్రము వచ్చుటతో వారు తావు విడువవలసి వచ్చెను. పల్లెల పేర సాగిన యత్నమున వారికి దక్కిన పాలు అల్పమనక తప్పదు.

1971 అక్టోబరు 9 న శ్రీహరికోటనుండి తొలి రోహిణి రాకెట్టెగసెను. అది చిన్నది, కక్ష్యకు పోవునది కాదు. పట్టుమని మూడు మాసములైనను గడువకయే, డిసెంబరు 30 న, తుంబాకు సమీపమున కోవళములో సారాభాయి కన్నుమూసెను. రాత్రి నిద్రించినవాడు మరల లేవలేదు. వయస్సు 52 మాత్రమే.

ఆయన తలపెట్టిన పనులను సతీష్ ధావన్ ప్రభృతులు కొనసాగించిరి. 1975 ఏప్రిల్ 19 న 360 కిలోల ఆర్యభట సోవియట్ రాకెట్టుపై కక్ష్య చేరెను. 1980 జులై 18 న శ్రీహరికోటనుండి మన రాకెట్టే 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. 2023 ఆగష్టు 23 న చంద్రునిపై దిగిన నౌకకును విక్రమ్ అనియే పేరు.

ఆయన మనస్సునకు దగ్గరిదైన పని 1975 ఆగష్టు 1 న ఆరంభమయ్యెను. నాసా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు సాగెను. ఆంధ్రప్రదేశ్ వాటిలో నొకటి. కోళ్ళగూళ్ళకు కట్టునట్టి తీగెవలతో అల్లిన మూడు మీటర్ల పళ్ళెము, ఒక టెలివిజన్ పెట్టె – ఇంతియే సరంజామా. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఉపగ్రహము పరాయిది, అందుండి దిగివచ్చిన మాట తెలుగు. ఏడాది గడువు 1976 జులై 31 తో తీరగా అమెరికా దానిని మరలించుకొనెను. మన దేశమునకు తనదైన ఇన్సాట్-1బి ఉపగ్రహము ఆకాశమున నిలుచుటకు 1983 వరకు వేచియుండవలసి వచ్చెను.