డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఔషధపరిశోధనమున ఆంధ్రులకు జగద్విఖ్యాతి దెచ్చిన సుబ్బారావుగారు 1895 జనవరి 12 వ తేదీని భీమవరమున జన్మించిరి. కుటుంబము పేదది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు కృతార్థులైరి. సంగ్రహణివ్యాధిచే సోదరు లిరువురు కొద్దిదినముల యెడముతో మరణింపగా, రోగములకు మందు వెదకుటయే వారికి జీవితవ్రతమయ్యెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు వారు ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సాచార్యులైన బ్రాడ్‌ఫీల్డు దొరగారి కది రుచింపలేదు. అందువలన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రత్తికి పేరొందిన ఆదోనిలోను, మగ్గములకు పేరొందిన ఎమ్మిగనూరులోను చదువుకొను బాలబాలికల కీ సంగతి రుచింపక మానదు.

పిమ్మట వారు అమెరికాలోని బోస్టను చేరి, హార్వర్డులో చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రులు రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. 1925 లో ఫిస్కేగారితో గూడి, రక్తము మొదలగు వానియందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1940 లో లెడర్లీ ఔషధశాలకు బోయిరి. అచ్చట వారి నాయకత్వమున సంగ్రహణికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వెలువడెను. అచ్చటనే డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవినుండి బంగారువన్నె గల ఆరియోమైసిన్‌ను దీసెను. పెనిసిలిన్‌కు లొంగని కొన్ని జ్వరములు దీనికి లొంగెను. 1948 లో ఈ మందు లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేటనే ఆగష్టు మాసమున సుబ్బారావుగారు నిద్రలోనే గతించిరి. వయస్సు 53 ఏండ్లు.

మందు పుట్టిన కథ యింతటితో ముగియలేదు. కోట్లకొలది క్రిములలో ఏ కొన్నియో మందునకు చావవు. తక్కినవి నశింపగా, ఆ మిగిలినవే వృద్ధిపొందును. ఆరియోమైసిన్ వంశపు మందులకును ఈ గతియే పట్టెను. 1950 తరువాత జపానులో రక్తవిరేచనముల క్రిములు ఈ మందులకే గాక స్ట్రెప్టోమైసిన్ మొదలగు వానికిని ఒక్కసారిగా లొంగకపోయెను. ఈ శక్తిని ఒక జాతి క్రిమి వేరొకజాతి క్రిమికి అందింపగలదని 1959 లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది విని వైద్యలోకము విస్మయమందెను. విస్మయ మననేల, భయమే యనవచ్చును.

ఆసుపత్రులలో రోగులు దగ్గరదగ్గరగా నుందురు. మందుల వాడుక మెండు. దాదుల చేతులు, మూత్రనాళికలు, పాత్రలు, మంచముల కమ్ములు, వీనివలన మొండిక్రిములు ఒకరినుండి మరియొకరికి సోకుచుండును. సుబ్బారావుగారు యౌవనమున జేసిన పాత్రలు కడుగుపని నీచమైనదని తలచువా రీ మాట గమనింపవలెను. ఇప్పుడు పరిశోధకులు రోగి మూత్రమునుండియు చీమునుండియు క్రిములను దీసి పెంచి, ఏ మందునకు ఏది లొంగునో చూచి, వైద్యునకు దెలుపుచున్నారు.

ఆరియోమైసిన్ వంశమునకే చెందిన డాక్సీసైక్లిన్ మనదేశమున చిగ్గరు అను చిన్నపురుగు కాటువలన వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరమునకు నేటికిని ముఖ్యౌషధము.