టీవీ కథలకు అక్షర మేస్త్రి

సైట్ మీద పనిచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. డ్రాయింగ్‌లో ఒకటుంటుంది, కట్టేసరికి ఇంకొకటవుతుంది. ప్లాన్‌లో కిటికీ ఉన్నచోట గోడ లేస్తుంది. కొత్త రివిజన్ చేతికొచ్చేలోపు పాత రివిజన్ ప్రకారం సగం పని అయిపోయి ఉంటుంది. సివిల్ డిప్లొమా చేసి, సూపర్‌వైజర్‌గా ఊళ్లు పట్టుకు తిరుగుతున్న నాకు ఇది రోజూ ఉండే తలనొప్పే. కథలు రాసేవాళ్లకూ ఇదే తలనొప్పి ఉంటుందని మాత్రం న్యూజెర్సీలో పనిచేస్తున్నప్పుడే తెలిసింది.

ఓ ఆదివారం అక్కడి లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు అమ్ముతుంటే ఒక చిన్న పుస్తకం కొన్నాను. పేరు స్టార్ ట్రెక్. అంతరిక్ష నౌకలో తిరిగే కెప్టెన్ కిర్క్, అతని తోడు స్పాక్, డాక్టర్ మెకాయ్‌ల సాహసాల సీరియల్ అది. పాత ఎపిసోడ్లు రూమ్‌లో చూసే అలవాటు ఉంది కాబట్టి చేయి దానిమీదికే పోయింది. చదువుతుంటే కథ తెలిసిందే, కానీ అక్కడక్కడా తేడా కనిపిస్తోంది. నాకే సరిగ్గా గుర్తులేదేమో అనుకుని ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుని చూశాను. పొరపాటు నాది కాదు. పుస్తకం వేరు, టీవీ వేరు. ఎందుకలా అని ఆరా తీస్తే జేమ్స్ బ్లిష్ అనే మనిషి జీవితం బయటపడింది.

పగలు ఉద్యోగం.. రాత్రి రాత

బ్లిష్ 1921 మే 23న అదే న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్‌లో పుట్టాడు. కుర్రతనం నుంచే సైన్స్ కథల పిచ్చి. 19 ఏళ్లు నిండకముందే, 1940లో మొదటి కథ అచ్చయింది. 1942లో రట్గర్స్ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ డిగ్రీ పూర్తిచేశాడు. ఆ వెంటనే యుద్ధం పిలుపు. సైన్యంలో మెడికల్ టెక్నీషియన్‌గా పనిచేశాడు. తిరిగొచ్చాక కొలంబియా యూనివర్సిటీలో జువాలజీ పైచదువుకు చేరాడు గానీ మధ్యలోనే వదిలేశాడు. రాతే తన దారి అనుకున్నాడు.

కానీ రాత ఒక్కటే ఇల్లు గడపదు కదా! ఫైజర్ మందుల కంపెనీలో సైన్స్ ఎడిటర్‌గా చేశాడు. తర్వాత 1962 నుంచి 1968 దాకా పొగాకు కంపెనీల సంస్థ టొబాకో ఇన్‌స్టిట్యూట్‌లో రాతపని. సొంత కథలు మిగిలిన టైమ్‌లోనే.

ఊళ్లకు ఊళ్లే వలస

ఆ మిగిలిన టైమ్‌లో ఆయన రాసినవి మాత్రం మన బతుకుకు దగ్గరగా ఉన్నాయంటే నమ్ముతారా?

1930ల్లో అమెరికాలో పెద్ద కరువొచ్చింది. ఓక్లహామా చుట్టుపక్కల పొలాలు దుమ్ములో కలిసిపోయాయి. రైతు కుటుంబాలు సామాన్లు పాత కార్లకు కట్టుకుని కాలిఫోర్నియాకు కూలిపనికి పోయాయి. అక్కడివాళ్లు వాళ్లను ‘ఓకీ’లని చులకనగా పిలిచేవాళ్లు. 1950 నుంచి బ్లిష్ రాసిన కథల్లో మనుషులు కాదు, నగరాలే ఓకీలు. ఒక యంత్రం సాయంతో న్యూయార్క్ నగరం నేల నుంచి లేచి గ్రహం నుంచి గ్రహానికి పని వెతుక్కుంటూ పోతుంది. మేయర్ అమాల్ఫీ కాంట్రాక్టు మాట్లాడతాడు. తేడా వస్తే వెంటపడే పోలీసులుంటారు. ఓ చోట పని దొరకని నగరాలన్నీ ఒక్కచోట గుంపుగా చేరి ఎదురుచూస్తుంటాయి. అది చదివినప్పుడు నాకు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని లేబర్ అడ్డా మీద నిలబడే మావాళ్లు గుర్తొచ్చారు. మాది పాలమూరు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అనే మాట వినబడేది.

1958లో వచ్చిన ‘ఎ కేస్ ఆఫ్ కాన్షెన్స్’ నవలకు మరుసటి ఏడాది హ్యూగో అవార్డు వచ్చింది. గురు గ్రహం లాంటి వాటిని ‘గ్యాస్ జెయింట్’ అంటారు కదా, ఆ మాటను 1952లో మొదట వాడింది కూడా ఈయనే. విలియం అథెలింగ్ అనే మారుపేరుతో తోటి రచయితల కథలను చీల్చి చెండాడేవాడు. పనిలో నాసిరకం ఒప్పుకోని మనిషి.

చేతికొచ్చింది పాత డ్రాయింగే!

1966 సెప్టెంబర్ 8న స్టార్ ట్రెక్ ఎన్‌బీసీ ఛానెల్‌లో మొదలైంది. ఎపిసోడ్లను కథలుగా రాసిపెట్టమని బాంటమ్ ప్రచురణ సంస్థ బ్లిష్‌ను అడిగింది. మొదటి పుస్తకం 1967 జనవరిలో వచ్చింది. అందులో 7 కథలు, ధర అర డాలర్. టీవీలో గంట సేపు నడిచే కథ 20 పేజీల్లో సర్దాలి.

చిక్కెక్కడంటే, ఆయన రాసింది తెర చూసి కాదు, పంపించిన స్క్రిప్టు కాగితాలు చూసి. అందులో చాలావరకు ముందుటి డ్రాఫ్టులు. షూటింగ్ నాటికి డైలాగు మారేది, సీను పోయేది, పేరు కూడా మారేది. టీవీలో ‘ద మ్యాన్ ట్రాప్’ అయిన కథ పుస్తకంలో ‘ది అన్‌రియల్ మెకాయ్’. ‘చార్లీ ఎక్స్’ ఏమో ‘చార్లీస్ లా’.

కొన్ని తేడాలు డ్రాఫ్టు వల్ల వచ్చినవైతే, కొన్నింటి వల్ల కథకే మేలు జరిగింది. ‘మిరి’ ఎపిసోడ్‌లో అచ్చం మన భూమిలాంటి గ్రహమే ఇంకొకటి కనబడుతుంది. ఎలా వచ్చిందో టీవీలో ఎవరూ చెప్పరు. పుస్తకంలో ఆ వింత లేదు. అది మనుషులు ఎప్పుడో పోయి స్థిరపడ్డ ఓ కాలనీ. లెక్క కుదిరిపోయింది.

అసలు పరీక్ష ‘ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ దగ్గరొచ్చింది. కెప్టెన్ కిర్క్ 1930 నాటి న్యూయార్క్‌కు పోయి ఒకామెను ప్రేమిస్తాడు. ఆమె బతికితే యుద్ధంలో హిట్లర్ గెలుస్తాడు. హార్లన్ ఎల్లిసన్ రాసిన మొదటి స్క్రిప్టులో కిర్క్ మనసు చంపుకోలేకపోతాడు, స్పాక్ అడ్డుపడాల్సి వస్తుంది. 1967 ఏప్రిల్‌లో టీవీలో వచ్చినదాంట్లో ఆమెను కాపాడబోయిన డాక్టర్‌ను కిర్కే పట్టి ఆపుతాడు. మొదటి స్క్రిప్టుకు రైటర్స్ గిల్డ్ అవార్డు వస్తే, తెరమీది దానికి హ్యూగో వచ్చింది. మరి బ్లిష్ ఏది రాయాలి? రెండింటిలో మంచివనుకున్నవి కలిపి రాశాడు. చివర్లో స్పాక్ ఓదార్చే మాటలు ఎల్లిసన్ వైపు నుంచి తెచ్చాడు. అలా కలిపానని పుస్తకంలోనే దాపరికం లేకుండా చెప్పాడు.

సీరియల్ 79 ఎపిసోడ్లతో 1969లో ఆగిపోయింది. అప్పట్లో ఇంట్లో రికార్డు చేసుకునే వీలు జనానికి లేదు. ఎపిసోడ్ తప్పిపోతే మళ్లీ వేసేదాకా ఆగాల్సిందే. జేబులో పట్టే ఈ పుస్తకాలే వాళ్లకు క్యాసెట్లు, సీడీలు. అందుకే బ్లిష్‌కు కుప్పలుగా ఉత్తరాలొచ్చాయి.

కవర్ మీద లేని పేర్లు

1968లో బ్లిష్ తనే వలస పోయాడు, ఇంగ్లండ్‌కు. అక్కడ బీబీసీలో స్టార్ ట్రెక్ మొదలైంది 1969లోనే. స్క్రిప్టులు సముద్రం దాటొస్తే కూర్చుని కథలు రాసేవాడు. 1970లో ‘స్పాక్ మస్ట్ డై’ అని సొంత కథతో నవల కూడా రాశాడు. పెద్దల కోసం వచ్చిన మొదటి సొంత స్టార్ ట్రెక్ నవల అదే. చివరి రోజుల్లో ఇల్లు నిలకడగా గడిచిందంటే ఈ పుస్తకాల డబ్బు వల్లేనని ఆయనే ఒప్పుకున్నాడు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1975 జూలై 30న హెన్లీలో చనిపోయాడు. వయసు 54. సమాధి ఆక్స్‌ఫర్డ్‌లోని హోలీవెల్ శ్మశానంలో ఉంది. 12వ పుస్తకాన్ని భార్య జె.ఎ. లారెన్స్ పూర్తిచేస్తే 1977లో ఇద్దరి పేర్లతో వచ్చింది. అంతకుముందు పుస్తకాల్లోనూ తానూ, తన తల్లీ చాలా రాశామని ఆమె తర్వాత చెప్పింది. అప్పట్లో కవర్ మీద ఉన్నది మాత్రం ఒక్క బ్లిష్ పేరే.

ఈ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. వేరేవాళ్ల డ్రాయింగ్‌తో, వేరేవాళ్ల పేరు మీద పనిచేయడం మనకు కొత్తేం కాదు. ఓపెనింగ్ రోజు శిలాఫలకం మీద మేస్త్రి పేరుండదు, సెంట్రింగ్ కట్టినవాడి పేరుండదు. కూలికి చేసిన పనే కదా అని బ్లిష్ ఆ కథలను నాసిగా రాయలేదు. లెక్క తప్పినచోట సరిచేశాడు, రెండు స్క్రిప్టులుంటే మంచిది వెతికాడు. అందుకే అర డాలర్ పుస్తకం ఇన్నేళ్ల తర్వాత నాలాంటివాడి చేతికి కూడా చేరింది. రాసినవాళ్లలో ఇద్దరి పేర్లు మాత్రం ఆలస్యంగా తెలిశాయి. అదొక్కటే బాకీ.