వారసులు లేని నవాబు, అందరి గ్రంథాలు

ఎల్.బి.నగర్‌లో మెట్రో రైలు ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద దిగితే, మూసీనది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం అక్కడికి దగ్గరే. వేసవి సెలవుల్లో మన విచారణల కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్తుంటాయి. గంట గంటకూ బొమ్మ మనిషి బయటకు వచ్చి గంట కొట్టే గడియారాన్ని చూస్తారు. ఆదికాండములోని రిబ్కమ్మ ముసుగుతో నిలిచిన పాలరాతి శిల్పాన్ని చూసి ముచ్చటపడతారు. ఇంటికి వచ్చేస్తారు. వ్రాతప్రతులు ఉంచిన అద్దాల పెట్టెల ముందు ఆగేవారు మాత్రం తక్కువ. ఆ ప్రతులను పోగుచేసిన పెద్దమనిషి జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

ఆయన అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. లోకం ఆయనను మూడవ సాలార్‌జంగ్ అని పిలిచింది. 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. తాతగారైన మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్‌జంగ్, 1853 నుండి 1883లో మరణించేవరకు ముప్పై ఏళ్లపాటు హైదరాబాదు సంస్థానానికి దివానుగా పనిచేసి, అస్తవ్యస్తంగా ఉన్న ఖజానాను గాడిలో పెట్టిన సమర్థుడు. రిబ్కమ్మ శిల్పాన్ని 1876లో రోము నగరంలో కొన్నది కూడా ఆయనే. తండ్రి మీర్ లాయక్ అలీఖాన్ సైతం దివాను పదవి చేశారు. అయితే కొడుకు పుట్టి నెల తిరగకముందే ఆయన కన్నుమూశారు. తండ్రి ముఖం ఎరుగని ఆ పసివాని పోషణను, జాగీర్ల వ్యవహారాలను ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తమ రక్షణలోకి తీసుకున్నారు.

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనను దివానుగా నియమించారు. అప్పటికి ఆయన వయస్సు 23 ఏళ్లు. తాత, తండ్రి కూర్చున్న కుర్చీలో మనుమడు కూర్చున్నాడని నగరమంతా చెప్పుకున్నది. కాని ఆ పదవి ఎంతో కాలం నిలువలేదు. 1914 నవంబరులో ఆయన దాని నుండి తప్పుకున్నారు. ఇరవై అయిదేళ్లకే అధికారం ముగిసింది. వివాహం చేసుకోలేదు. ఇక మిగిలిన ముప్పై నాలుగేళ్ల జీవితాన్ని కళాఖండాలను, గ్రంథాలను సేకరించడానికే వెచ్చించారు. దేశవిదేశాల వర్తకులు తమ సరుకుతో ఆయన నివాసమైన దివాన్ దేవిడీ గుమ్మం ఎక్కేవారు.

ఆయన సేకరణలో ఎక్కువమంది చూడనిది, ఎంతో విలువైనది గ్రంథ భాండాగారం. అరబ్బీ, పారశీకం, ఉర్దూ మొదలైన భాషల వ్రాతప్రతులు అందులో వేల సంఖ్యలో ఉన్నాయి. అచ్చుయంత్రం రాకముందు ఒక గ్రంథం తయారు కావాలంటే ఎందరి చేతులో పడేవి. లేఖకుడు దీపపు మసితో చేసిన సిరాతో అక్షరం అక్షరం దిద్దేవాడు. తరువాత అలంకరణ చేసేవాడు కూర్చునేవాడు. బంగారు రేకులను తేనెతోనో బంకతోనో మెత్తగా నూరి, నీటితో కడిగి, ఆ పొడిని రంగుగా కలిపేవాడు. బదక్షాన్ కొండల నుండి వచ్చిన లాజవర్దం అనే రాతిని నూరితే నీలం వచ్చేది. ఇంగిలీకం నుండి ఎరుపు వచ్చేది. సన్నని వెంట్రుకల కుంచెతో లతలు, పువ్వులు గీసి, చివరకు అకీకు రాయితో రుద్దితే బంగారం తళతళ మెరిసేది. మొదటి పుటలో సూర్యబింబం వంటి గుండ్రని అలంకారం వేయడం పారశీక, మొగలు ప్రతులలో తరచు కనిపించే పద్ధతి.

ఐరోపా మఠాలలో మన సన్యాసులు చేసిన పని కూడా ఇటువంటిదే. దూడచర్మాన్ని శుభ్రపరచి, సాగదీసి, పుటలుగా కోసేవారు. సువార్త మొదటి అక్షరాన్ని పుటంత పెద్దదిగా వేసి, దానిని బంగారు రేకుతో, రంగులతో నింపేవారు. మతాలు వేరు, భాషలు వేరు. దేవుని మాటను అందంగా వ్రాయాలన్న భక్తి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఈ ప్రతులకు మరొక చరిత్ర ఉంది. అది యజమానుల చరిత్ర. మొగలు చక్రవర్తుల గ్రంథాలయాలలో ఒక పుస్తకం చేరగానే దాని మీద ముద్ర వేసేవారు. తనిఖీ చేసిన తేదీ, ఒక్కొక్కసారి దాని వెల కూడా వ్రాసేవారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక ఖురాను ప్రతి ఉంది. దానిని 13వ శతాబ్దపు బాగ్దాదు లేఖకుడు యాకూత్ ముస్తాసిమీ వ్రాసినదిగా చెబుతారు. 1258లో మంగోలులు బాగ్దాదును నేలమట్టం చేస్తున్నప్పుడు కూడా ఆయన ఒక మీనారు ఎక్కి కూర్చొని అక్షర సాధన మానలేదని కథ. ఆ ప్రతి మీద జహంగీరు, షాజహాను, ఔరంగజేబు ముగ్గురి గుర్తులూ ఉన్నాయి. తాత తరువాత తండ్రి, తండ్రి తరువాత కొడుకు ఇది నాదని గుర్తు పెట్టుకున్నారు. ముగ్గురూ పోయారు. గ్రంథం మిగిలింది.

మన తిరుసభ చరిత్రలోనూ ఇటువంటి సంఘటన ఉంది. ఉత్తర ఇంగ్లండులోని ఒక మఠంలో పరిశుద్ధ గ్రంథమంతటినీ లతీను భాషలో వ్రాయించి, దానిని రోములో పునీత పేతురుకు కానుకగా సమర్పించాలని మఠాధిపతి సియోల్‌ఫ్రిడ్ 716లో బయలుదేరారు. ఆ గ్రంథం బరువు 34 కిలోలు. వృద్ధుడైన ఆయన దారిలోనే, ఫ్రాన్సు దేశంలో మరణించారు. తరువాత ఆ గ్రంథం ఇటలీలోని మరొక మఠానికి చేరింది. అక్కడ ఎవరో సియోల్‌ఫ్రిడ్ పేరును గీకివేసి వేరొక పేరు వ్రాశారు. 19వ శతాబ్దం చివరలో పండితులు పరిశీలించి అసలు పేరును బయటపెట్టేవరకు ఆ మఠాధిపతి చేసిన పని మరుగున పడి ఉంది. పుస్తకం మీద పేరు గీకివేయడం నిమిషాల పని. దానిని తిరిగి కనుగొనడానికి శతాబ్దాలు పట్టింది.

మన నవాబుగారి గ్రంథాలకు కూడా అటువంటి ప్రమాదమే వచ్చింది. 1949 మార్చి 2న ఆయన మరణించారు. సంతానం లేదు. బంధువులు చాలామంది. ఆస్తి పంపకానికి వస్తే ఒక్కొక్క ప్రతి ఒక్కొక్క చేతికి పోయి, ఎక్కడెక్కడో అమ్ముడుపోయేది. అయితే ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకొని ఎస్టేటును ఒక కమిటీకి అప్పగించింది. 1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. 1958లో వారసులు హైకోర్టు ద్వారా రాజీకి వచ్చి ఆ సేకరణను దేశానికి విడిచిపెట్టారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపునిచ్చింది. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనంలోకి మారింది.

ఇక్కడ మరొక మాట చెప్పకపోతే న్యాయం కాదు. ఆ గ్రంథాలు కొన్న డబ్బు ఎక్కడిది? జాగీరు గ్రామాల రైతులు కట్టిన శిస్తు నుండి వచ్చినది. వారిలో అనేకులకు అక్షరం కూడా రాదు. నవాబు మరణించిన ఆ 1949లోనే, ఆగస్టులో, హైదరాబాదు సంస్థానంలో జాగీర్లు రద్దయ్యాయి. శిస్తు కట్టినవారి మనుమలు, మునిమనుమలు నేడు టిక్కెట్టు కొనుక్కొని లోపలికి వెళ్లి ఆ బంగారు పుటలను చూస్తున్నారు. ఒక విధంగా అప్పు తీరింది. పూర్తిగా తీరిందని అనలేము గాని, సొత్తు అసలు హక్కుదారుల దగ్గరకు వచ్చింది. గ్రంథాలు చెదలు పట్టకుండా, చెల్లాచెదరు కాకుండా ముప్పై నాలుగేళ్లు ఒకచోట కాపాడినందుకు ఆయనను మంచి గృహనిర్వాహకుడని చెప్పుకోవచ్చు.

మన ఇళ్లలోనూ పాత పరిశుద్ధ గ్రంథాలు, ప్రార్థన పుస్తకాలు ఉన్నాయి. మొదటి పుటలో తాతగారి చేవ్రాలు, పిల్లల జ్ఞానస్నానపు తేదీలు, పెద్దల మరణ దినాలు వ్రాసి ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు అవి పాత పేపర్లతోపాటు తూకానికి పోతున్నాయి. వాటిలో బంగారం లేకపోవచ్చు. కాని ఆ పేర్లు మరెక్కడా లేవు. ఈ ఆదివారం బలిపూజ నుండి ఇంటికి వెళ్లిన తరువాత అటక మీది ఆ పుస్తకాన్ని దించి, దుమ్ము తుడిచి, ఆ పేర్లను మీ పిల్లలచేత చదివించండి. చివరి పేరు క్రింద ఖాళీ ఉంటే, మీ పిల్లల పేర్లు కూడా చేర్చండి.